ఉపవాసం ఉన్నవాళ్ళ ముందు

గుత్తివంకాయ కూరలో ఉప్పు తక్కువైందని గౌరీశంకర్ మొదటి ముద్దకే కనిపెట్టాడు. కనిపెట్టి ఊరుకోకుండా, ఎదురుగా కూర్చున్న అక్షయ్‌నీ స్మృతినీ సాక్ష్యానికి పిలిచాడు. "మొహమాటపడకండి, చెప్పండి. తక్కువే కదా?" వాళ్ళిద్దరూ బాగుంది బాగుంది అంటుండగానే కృష్ణవేణి ఉప్పు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. పొద్దున లేచిన దగ్గర్నుంచీ పొయ్యి ముందు నిలబడి చేసిన వంట అది. అందులో ఏదీ ఆవిడ నాలిక మీద వేసుకోలేదు, ఇవాళ శనివారం.

శనివారం సాయంత్రం దీపం పెట్టేదాకా కృష్ణవేణి మంచినీళ్ళు కూడా ముట్టదు. రెండేళ్ళ కిందట గౌరీశంకర్ ఉద్యోగం ఊడినప్పుడు కాకినాడలో వాళ్ళమ్మ పంతులుగారికి కొడుకు జాతకం చూపించింది. ఏలినాటి శని నడుస్తోంది, శనివారాలు కటిక ఉపవాసం ఉంటే తీవ్రత తగ్గుతుంది అన్నాడాయన. గౌరీశంకర్‌కి పూట తప్పితే కడుపులో మంట. "భార్య చేసినా ఫలితం భర్తకే చెందుతుందటమ్మా, నేను మరీ మరీ అడిగాను" అంది అత్తగారు ఫోన్లో, కోడలికేదో మేలు చేసినట్టు. కొన్నాళ్ళకి ఉద్యోగం దొరికింది. ఊడింది శని వల్లా, దొరికింది తన రెజ్యూమె వల్లా అని గౌరీశంకర్ అందరికీ చెప్తాడు. ఆ మధ్యలో ఇల్లు గడిచింది కృష్ణవేణి డెంటల్ ఆఫీసులో చేసే బిల్లింగ్ ఉద్యోగంతో. దానికి ఏ గ్రహమూ కారణం కాదు కాబట్టి ఆ సంగతి ఎవరూ ఎత్తరు. శని ఇంకా పూర్తిగా దిగలేదు, అందుకని ఉపవాసాలూ దిగలేదు.

అక్షయ్ గౌరీశంకర్ ఆఫీసులోనే పనిచేసేవాడు. లేఆఫ్ అయ్యాడు, వీసా గడువు దగ్గర పడింది, ఆఖరి నిమిషంలో కువైట్‌లో ఉద్యోగం దొరికింది. మంగళవారం ఫ్లైట్. వాళ్ళు దిగేసరికి అక్కడ రంజాన్ మొదలవుతుంది. అతని భార్య స్మృతికి నాలుగో నెల. పెళ్ళయిన కొత్తలో గౌరీశంకర్, కృష్ణవేణి కొన్నేళ్ళు కువైట్‌లోనే ఉండి వచ్చారు కాబట్టి, వెళ్ళేముందు ఓ పూట భోజనానికి రండి, అక్కడి పద్ధతులన్నీ చెప్తాను అని గౌరీశంకర్ పిలిచాడు. పిలవడం ఆయన పని. వాకిట్లో మంచు పారతో ఎత్తిపోయడం, వండటం, వడ్డించడం తక్కిన పనులు.

"ఫస్ట్ రూల్ ఇదీ" అన్నాడు గౌరీశంకర్, గోంగూర పప్పు కలుపుకుంటూ. "రంజాన్‌లో పగటిపూట పబ్లిక్‌లో తినకూడదు, తాగకూడదు, చూయింగ్ గమ్ కూడా నమలకూడదు. కార్లో ఉన్నా పబ్లిక్‌లో ఉన్నట్టే లెక్క. ఫైన్ వేస్తారు, జైల్లో కూడా పెట్టొచ్చు. సరే, లా సంగతి పక్కన పెట్టు. బేసిక్ డీసెన్సీ అనేది ఒకటుంటుంది కదా అక్షయ్? ఒక మనిషి పొద్దున్నుంచీ నోట్లో నీటిచుక్క వెయ్యకుండా ఉంటే, వాళ్ళ ఎదురుగా కూర్చుని మనం ఎలా తింటాం? ముద్ద ఎలా దిగుతుంది? వేణీ, ఇంకో రెండు వంకాయలు వెయ్యి."

వేసింది.

"ఆంటీ, మీరూ కూర్చోండి. మేం వడ్డించుకుంటాం" అంది స్మృతి.

"ఆవిడకి ఇవాళ ఉపవాసం" అని ఆయనే జవాబిచ్చాడు. "శనివారం శనివారం అదో హాబీ."

స్మృతి చేతిలో ముద్ద కంచానికీ నోటికీ మధ్య ఆగిపోయింది. "అయ్యో, మరి మీ ముందు మేము..."

"మన ఇళ్ళల్లో అలాంటి పట్టింపులేం లేవమ్మా. తిను, తిను" అన్నాడు గౌరీశంకర్.

కృష్ణవేణికి నవ్వొచ్చింది. పైకి రానివ్వలేదు. నోరు ఎండిపోయి ఉంటే నవ్వడానికి కూడా పెదాలు విడివడవు.

గౌరీశంకర్ ఇంకా చెప్పాడు. ఆఫీసు వేళలు తగ్గిస్తారు కాబట్టి పనులు ముందే ముగించుకోవాలి. బట్టలు భుజాలూ మోకాళ్ళూ కప్పేలా ఉండాలి. కార్లో పాటలు గట్టిగా పెట్టకూడదు. ఇఫ్తార్‌కి పిలిస్తే తప్పకుండా వెళ్ళాలి, మంచి ఖర్జూరం పట్టుకెళ్ళాలి. పొద్దుగుంకే ముందు రోడ్డెక్కకూడదు, అందరూ ఆకలి మీద ఇళ్ళకి పరుగులు పెడుతుంటారు. ఇవన్నీ మంచి మాటలే. కృష్ణవేణికి ఆ నెలంటే అప్పట్లో ఇష్టంగానే ఉండేది. ఎదురింటి ఆవిడ ఒక్క మాట కలిసే భాష లేకపోయినా, మసీదులోంచి బాంగు వినపడగానే తన ముద్ద నోట్లో పెట్టుకునేలోపు ఓ గిన్నె వీళ్ళింటికి పంపేది. రోజంతా తిననివాళ్ళు ముందు పక్కింటికి పంపడం ఏమిటో అని కృష్ణవేణి ఆశ్చర్యపోయేది.

"నాకు గంటగంటకీ దాహం వేస్తోంది అంకుల్" అంది స్మృతి. "బయటికెళ్ళినప్పుడు ఎలాగ?"

గౌరీశంకర్ నోరు తెరిచేలోపు అక్షయ్ అందుకున్నాడు. "రెండు మూడు గంటలు ఓర్చుకోలేవా స్మృతీ? కొత్త జాబ్. మన వల్ల ఏ ఇష్యూ రాకూడదు."

పెరుగు గిన్నె తెస్తున్న కృష్ణవేణి అక్కడే ఆగిపోయింది. ఓర్చుకోలేవా. సరిగ్గా ఇదే మాట, ఇదే విసుగుతో, ఇంకో గొంతులో విన్నది ఆవిడ.

"అదీ! కుర్రాడికి అర్థమైంది" అన్నాడు గౌరీశంకర్. "ఆ మాటకొస్తే మీ ఆంటీ చేసిన ఘనకార్యం చెప్పాలి మీకు."

ఆ ఘనకార్యం తెలియని తెలుగిల్లు వాళ్ళుండే నోవై ఊళ్ళో లేదు. పుట్టినరోజుల్లో, సత్యనారాయణ వ్రతాల్లో, ఆఖరికి ఒకాయన రిటైర్మెంట్ పార్టీలో కూడా గౌరీశంకర్ ఈ కథ చెప్పాడు. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ చేతులు వణికించి చూపించాలో ఆయనకి తెలుసు. ఎక్కడ నవ్వులు వస్తాయో కృష్ణవేణికి తెలుసు. రంజాన్ నెల, నిప్పులు చెరిగే ఎండ. బాస్ ఇంట్లో ఇఫ్తార్. కార్లో ఏసీ పోయింది, ట్రాఫిక్ కదలడం లేదు. "సిగ్నల్ దగ్గర ఆగామా, మహాతల్లి బ్యాగులోంచి బాటిల్ తీసి మూత తిప్పుతోంది! నా గుండె ఆగిపోయింది. చటుక్కున లాక్కుని కిటికీలోంచి విసిరేశాను. అది దొర్లుకుంటూ దొర్లుకుంటూ వెళ్ళి ఎక్కడ ఆగిందంటావ్? పోలీసు బూటు దగ్గర!" ఇక్కడ మొదటి నవ్వు. "వాడొచ్చి కారు డోర్ కొట్టాడు. నేను రెండు చేతులూ జోడించి, సార్, మై వైఫ్, విలేజ్ లేడీ, నో బ్రెయిన్ సార్ అన్నాను!" ఇక్కడ పెద్ద నవ్వు. అక్షయ్ పొలమారేంతగా నవ్వాడు. స్మృతి నవ్వలేదు, కృష్ణవేణి వైపు చూసింది.

ఇన్నేళ్ళుగా ఆ కథలో కృష్ణవేణికి కడుపు లేదు. ఆయన తీసేశాడు. ఆరో నెల కడుపుతో, ఎదర సీట్లో బెల్టు కింద చెయ్యి పెట్టుకుని, కళ్ళు బైర్లు కమ్ముతున్నాయండీ, ఒక్క గుక్క అని అడిగిన మనిషి, చెప్పగా చెప్పగా, తెలివితక్కువ పల్లెటూరి పెళ్ళాం అయి కూర్చుంది. మొదటిసారి ఆయన నలుగురిలో ఇది జోకుగా చెప్పినప్పుడు ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చింది. రెండోసారి ఏడవలేదు. తరవాత తరవాత నవ్వులొచ్చే చోట తనూ నవ్వడం నేర్చుకుంది, లేకపోతే జనం మొహాలు చిన్నబోతాయని. అది తల్చుకుంటేనే ఇప్పుడు ఆవిడకి తన మీద తనకి అసహ్యం వేసింది. ఇలాంటి నవ్వుల మధ్యే ఇంకో మగాడు ఓర్చుకోలేవా అనడం నేర్చుకున్నాడు. ఇంకో పిల్ల అది వింటోంది.

"పోలీసు వచ్చాక ఏం చేశాడో చెప్పండి" అంది కృష్ణవేణి.

గౌరీశంకర్ తల తిప్పాడు. కథలో ఈ చోట ఆవిడకి మాట లేదు. "ఏముంది, నా ఇంగ్లీషు విని జాలిపడి వదిలేశాడు."

"నేను చెప్తాను." పెరుగు గిన్నె బల్ల మీద పెట్టేసింది. "స్మృతీ, నాకప్పుడు ఆరో నెల. ఆ పోలీసు కార్లోకి వంగి నా పొట్ట చూశాడు. ఆ బాటిల్ అతనే ఏరుకొచ్చి, తుడిచి నా చేతిలో పెట్టాడు. కడుపుతో ఉన్న ఆడది తాగొచ్చు, మా ఆడవాళ్ళకే అలాంటప్పుడు ఉపవాసం అక్కర్లేదు, నీకెవరు చెప్పారు అని మీ అంకుల్‌ని కోప్పడ్డాడు. నేను మొహమాటపడుతున్నాననుకున్నాడో ఏమో, ఎవరికీ కనపడకుండా కిటికీకి అడ్డంగా, అటు తిరిగి నిలబడ్డాడు."

"వేణీ" అన్నాడు గౌరీశంకర్.

"అతను అటు తిరగ్గానే మీ అంకుల్ నా మణికట్టు పట్టుకున్నారు. తాగకు, వాడు పరీక్ష పెడుతున్నాడు అన్నారు. ఇంకెంత, ఓ గంట, ఓర్చుకోలేవా అన్నారు. మూత తీసిన బాటిల్ ఒళ్ళో పెట్టుకుని నేను ఓర్చుకున్నాను. బాస్ ఇంటి మెట్ల మీద పడిపోయాను. అందరూ నన్ను ఎత్తుతుంటే ఈయన ఖర్జూరం డబ్బా వాళ్ళకి అందిస్తున్నారు. ఆ రాత్రి ఆడపిల్ల పోయింది."

అక్షయ్ కంచంలోకి చూస్తున్నాడు. స్మృతి ఎడమ చెయ్యి పొట్ట మీదికి వెళ్ళింది.

"నీళ్ళు తాగకే పోయిందని ఏ డాక్టరూ అనలేదు" అన్నాడు గౌరీశంకర్. గొంతులో హుషారు పోయింది, చిరాకు మిగిలింది. "కడుపుతో ఉన్న అమ్మాయి ముందు ఇవేం మాటలు? భయపెడుతున్నావ్."

"అనలేదు" ఒప్పుకుంది కృష్ణవేణి. "కాదని కూడా అనలేదు. ఆస్పత్రిలో మీరు నాతో అన్న మొదటి మాట, ఎండ అనీ దాహం అనీ మా అమ్మతో అనకు, నన్నంటుంది అని. నేననలేదు. పిల్లకి పేరు పెట్టలేదు. తనకో అక్క ఉండాల్సిందని విద్యకి ఈ రోజుకీ తెలీదు. జోకు మాత్రం నోవై అంతటికీ తెలుసు."

వాళ్ళ కూతురు విద్య ఇంట్లో లేదు, స్నేహితురాలింటికి వెళ్ళింది. సాయంత్రం రాగానే చెప్పాలి అని కృష్ణవేణి ఆ క్షణానే అనుకుంది.

జగ్గు అందుకుని రెండు గ్లాసుల్లో నీళ్ళు పోసింది. ఒకటి స్మృతి ముందుకి జరిపింది. "తాగమ్మా. అక్కడా అంతే. వాళ్ళ పద్ధతి వాళ్ళది, నలుగురి ఎదురుగా తాగకు. దాహం వేస్తే ఏ దుకాణంలోకో వెళ్ళి అడుగు, నీ పొట్ట చూసి చోటు చూపిస్తారు, తలుపు వేసుకుని తాగు. మీ ఆయన్ని మాత్రం అడక్కు."

స్మృతి గ్లాసెత్తి గడగడా తాగింది. అక్షయ్ వైపు చూడలేదు.

కృష్ణవేణి కుర్చీ లాక్కుని కూర్చుంది. అతిథులున్నప్పుడు ఆవిడ ఆ బల్ల దగ్గర కూర్చోవడం ఇదే మొదటిసారి. రెండో గ్లాసు చేతిలోకి తీసుకుంది. కిటికీ బయట మంచు మీద మధ్యాహ్నపు ఎండ కళ్ళలో పొడుస్తోంది. ఆవిడ గ్లాసు పెదాల దాకా తీసుకెళ్ళేసరికి గౌరీశంకర్ సగం లేచాడు. ఇంతసేపటికి ఆయన మొహంలో నిజమైన భయం కనిపించింది.

"వేణీ, ఇవాళ శనివారం! ఇంకా పొద్దు పోలేదు, దీపం పెట్టలేదు. నాకేమైనా అయితే?"

కృష్ణవేణి గ్లాసు పూర్తిగా ఖాళీ చేసి, మళ్ళీ నింపుకుంది.

"అయితే అవనివ్వండి."