గల్లీకి కొత్వాలు

నాంపల్లిలో ఏటా జరిగే ఎగ్జిబిషన్, నుమాయిష్ మొదలైందంటే మా గల్లీ మాది కాదు. పొద్దుగూకకముందే ఎవరెవరివో కార్లు వచ్చి మా గుమ్మాలకు అడ్డం నిలబడతాయి. అందుకే గల్లీ మొదట్లో ఇనుప గేటు పెట్టిద్దామని మా ఆయన శ్యామ్‌సుందర్ అన్నప్పుడు అందరికీ ప్రాణం లేచొచ్చింది. గల్లీలోకి రావాలన్నా పోవాలన్నా అదొక్కటే దారి.

ఆయన అబిడ్స్‌లో ఒక బడిలో సోషల్ సారు. పాతబస్తీ చుట్టూ ఒకప్పుడున్న గోడ, దర్వాజాలు అంటే పడి చచ్చేవారు. చీకటి పడగానే దర్వాజాలు మూసేవారట, తాళంచెవులు ఊరి కాపలా చూసే కొత్వాలు దగ్గరికి చేరేవట, ఆ తర్వాత నవాబు చుట్టమొచ్చినా బయటే పడుకోవాలట. వేళ దాటి వచ్చినవాళ్ల కోసం ఖిడ్కీ అని చిన్న తలుపు ఉండేదనీ ఆయనే చెప్పారు. మనమూ ఒకటి పెట్టుకుందామన్నాను. అది ఉంటే ఇక గేటెందుకన్నారు.

తాళంచెవి ఒకటే ఉండాలని, అది తన దగ్గరే ఉండాలని, వేళ దాటి వచ్చినవాళ్లు తననే పిలవాలని పట్టుబట్టారు. పక్కింటి సురేందర్ ఇంకోటి చేయించుకుంటానంటే అతనితో మాటలు మానేశారు. ఎక్కడ దాస్తారో నాకూ చెప్పలేదు. కొత్వాలు పెళ్లాంతో చెప్పేవాడా అని నవ్వారు. నాకు ఒళ్లు మండింది. కానీ గేటు పెట్టాక గల్లీలో పిల్లలు హాయిగా ఆడుకుంటున్నారు, నేనూ నోరు మూసుకున్నాను.

ఒక సాయంత్రం గేటుకు తాళం వేసి వచ్చి, టీ తాగుతూ కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయారు. నోరు వంకరపోయింది, కుడి చెయ్యి పడిపోయింది. సురేందర్ ఫోను చేస్తే అంబులెన్సు నుమాయిష్ రద్దీలోంచి ఎలాగో వచ్చింది. వచ్చి గేటు బయట ఆగింది.

"తాళంచెవి యాడ వెట్టిన్రు? జర చెప్పుండ్రి," అన్నాను.

మాట రాలేదు. ఎడమ చెయ్యి మాత్రం నడుము దగ్గర తడుముకుంటోంది. లుంగీ జారుతోందని సిగ్గుపడుతున్నారనుకుని సర్ది, ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాను. మళ్లీ అక్కడికే పోయింది. మళ్లీ తీసేశాను. దేవుడి గూడు, బియ్యం డబ్బా, పుస్తకాల బీరువా అన్నీ గాలించాను. గేటు మీద సుత్తి దెబ్బలు వినిపిస్తూనే ఉన్నాయి. గట్టి తాళం, ఆయనే కోఠికి పోయి ఏరికోరి తెచ్చారు. అది విరిగేసరికి ఆయన కళ్లు మూతలు పడ్డాయి.

మర్నాడు దవాఖానలో అంతా అయిపోయాక, ఆయన గడియారం, కళ్లద్దాలతోపాటు మొలతాడుకు కట్టి ఉన్న తాళంచెవిని నర్సు నా చేతిలో పెట్టింది. ఆయన చెయ్యిని రెండుసార్లు తీసేసిన చెయ్యి ఇదే. నాకు ఏడుపు కూడా రాలేదు.

సాయంత్రం ఆయన్ని ఇంటికి తీసుకొచ్చాం. వ్యాను గల్లీ ముందు ఆగిపోయింది. గేటు మూసి ఉంది, దానికి కొత్త తాళం ఉంది. డ్రైవరు హారన్ కొడితే సురేందర్ పరుగున వచ్చాడు.

"మళ్ల కార్లు లోపటికొస్తున్నయని ఏసిన వదినా," అన్నాడు తల దించుకుని.

ఇంకో తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగాను.

"ఒక్కటే ఉన్నది. అన్న పెట్టిన పద్ధతే గదా," అంటూ గేటు తీశాడు.