సరదా జెండా

గాలికి తెల్లటి గుడ్డ కొట్టుకుంటోంది... టపటప... టపటప.

చోడిచేలో కలుపు తీస్తున్న దేముడమ్మ తలెత్తింది.

సరుగుడు తోపు మీదుగా — రేవులో జెండా!

ఎన్నేళ్ళకి!

కళింగపట్నంలో జెండా ఎగిరిందంటే ఓడ వచ్చినట్టే. ఆమె కాపురానికొచ్చిన నాటినుంచీ అంతే. ఓడ దూరాన ఆగేది. పడవలు మనుషుల్ని ఒడ్డుకు తెచ్చేవి. రంగూన్ నుంచి దిగినవాడు ఎంతటివాడైనా, ఇంటి ఆడమనిషి సొంత బావినీళ్ళతో కాళ్ళు కడిగాకే ఊళ్ళో అడుగు పెట్టాలి.

ఆమె పెనిమిటీ రంగూన్‌కే వెళ్ళాడు. పెళ్ళయిన రెండో ఏట.

"ఒసే, జెండా ఎగిరితే సెంబట్టుకుని వచ్చీయే," అన్నాడు నవ్వుతూ.

ఇరవై ఎనిమిదేళ్ళయింది. యుద్ధం వచ్చింది. ఉత్తరాలు ఆగాయి. తర్వాత్తర్వాత ఓడలూ రావడం మానేశాయి.

జెండాకొయ్య మాత్రం నిలబడే ఉంది. ఆమె కూడా.

పరుగెత్తింది. చేద వేసింది. రాగిచెంబు నింపింది. యాభైకి దగ్గరపడ్డ మనిషి, కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడుతూ, ఇసుకలో పాదాలు కూరుకుపోతున్నా ఆగకుండా...

రేవు రేవులా లేదు.

పాత గిడ్డంగికి గులాబీరంగు సున్నం. వాకిట్లో కుర్చీలు. శ్రీకాకుళం నుంచి బస్సుల్లో దిగిన జనం, ట్రాన్సిస్టరు పాటలు, జంతికల పొట్లాలు. సరుకు మోసిన పడవకి కాగితంపూలు కట్టి షికార్లు తిప్పుతున్నారు.

ఓడ లేదు.

పడవ దగ్గర అప్పలసూరి ఉన్నాడు. ఆనాడు ఆయన్ని ఓడదాకా చేర్చింది ఇతనే. చెంబు చూశాడు, తల దించుకున్నాడు.

"ఓడేదీ, బావా?"

"ఓడ కాదు, దేముడమ్మా. గిడ్డంగిని బంగళా సేసినారు. సరదాకి కట్టినారు జెండా. ఇకమీద పెతీ ఆదోరం కడతారట."

ప్రతి ఆదివారం!

ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

"మరి నిజంగా ఓడొస్తే ఏటి ఎగరేత్తారు? నాకెలా తెలుస్తాది?"

సూరి పడవతాడు ముడి విప్పి, మళ్ళీ వేశాడు.

నీళ్ళు పారబోయడానికి ఆమెకి మనసొప్పలేదు. చుక్క తొణక్కుండా ఇంటికి మోసుకుపోయింది.

మళ్ళీ ఆదివారం వచ్చింది.

టపటప... టపటప.

అది సరదా జెండా — తలెత్తకూడదని గట్టిగా అనుకుంది. గడ్డి పీకింది. ఇంకో పిడికెడు పీకింది.

టపటప...

చేనుగట్టు మీద రాగిచెంబు ఉంది. పొద్దున్నే నింపి తెచ్చుకుంది.