సత్తార్ మామ మిద్దె, బైరి, ఒక్క ఫోటో

మిద్దె ఎక్కే ముందు కేక వెయ్యాలి. సత్తార్ మామ ఇంట్లో మొదటి నియమం అది. మెట్ల దగ్గర నిలబడి "మిద్దెక్కుతాండామమ్మా" అని గట్టిగా అరవాలి. చుట్టుపక్కల పెరళ్లలో పని చేసుకుంటున్న ఆడవాళ్లు విని కొంగు కప్పుకుంటారు, లేదా లోపలికి పోతారు. ఎవరో ఒకరు "ఎక్కండప్పా" అంటారు. అప్పుడు ఎక్కాలి. ప్రొద్దుటూరులో మా పిన్నమ్మ వాళ్లదీ ఆయనదీ ఒకటే వీధి. అక్కడ మిద్దెలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, ఒకదాని మీద నిలబడితే అందరి పెరళ్లూ కనపడతాయి మరి.

మద్రాసులో చదివేవాణ్ని, సెలవులకు పిన్నమ్మ ఇంటికి వచ్చాను, నాకు ఆ ఎదురుచూపుతో ఒళ్లు మండేది. ఎందుకంటే పైన బైరి ఉంది.

బైరి అంటే పావురాలను గాల్లోనే కొట్టే డేగ. చలి మొదలవగానే ఎక్కడినుంచో వచ్చి పత్తి మిల్లు పొగగొట్టం మీద మకాం పెడుతుంది. సత్తార్ మామ మిద్దె మీద పెంచే పావురాలు లేచాయంటే అదీ లేస్తుంది. కంటికి ఆనకుండా పైకి పోయి, రెక్కలు ముడుచుకుని రాయిలా పడుతుంది. అది పావురాన్ని అందుకునే ఆ క్షణం నాకు కావాలి. ఒక్క ఫోటో చాలు. అంత వేగం నీ కెమెరాకు దొరకదని మా హాస్టల్లో పందెం కట్టినంత పని చేశారు, దొరుకుతుందని నేనూ గొప్పలు పోయాను. ఇప్పుడేమో సెలవులు అయిపోవచ్చాయి. ఎల్లుండి ఎర్రగుంట్లలో రైలెక్కాలి. ఇంతవరకూ పడింది ఏమిటంటే ఖాళీ ఆకాశం, పొగగొట్టం, ఒకసారి నా బొటనవేలు.

తప్పంతా నాది కాదు. నా కెమెరాలో పైనుంచి గాజులోకి తొంగి చూడాలి, అందులో బొమ్మ కుడి ఎడమలు మారి కనపడుతుంది. బైరి కుడికి పోతే నేను ఎడమకు తిప్పేవాణ్ని.

"నువ్వు దాన్ని తరుముతాండావా, దానికి దోవ ఇస్తాండావా?" అనేవాడు సత్తార్ మామ, నవ్వకుండా.

ఆయనకూ ఆ ఫోటో కావాలి. వెనక వీధిలో పావురాలు ఎగరేసే జియావుల్లా, "సత్తార్ పావురాలు మేత చాలక నా మిద్దె మీదికి వస్తాండాయి" అని టీ అంగట్లో చెప్తున్నాడట. తగ్గిపోయిన పావురాలను బైరి ఎత్తుకుపోతోందని మామ చెప్తే ఎవరూ నమ్మడం లేదు. "నీ ఫోటో వాని మూతికి కొట్టాల" అని నన్ను మిద్దె ఎక్కనిచ్చాడు.

ఆ మధ్యాహ్నం కింద వసారాలో టీ తాగుతున్నాను. పైన ఒక్కసారిగా రెక్కల చప్పుడు, బట్ట చించినట్టు. గ్లాసు ఎక్కడ పెట్టానో తెలీదు, నాలుగు కాళ్ల మీద పాకినట్టు మెట్లెక్కేశాను. గాజులోకి చూడలేదు. కెమెరా మూతలో ఉండే చదరపు కంతకు కన్ను ఆనించి సూటిగా చూశాను. పావురాల గుంపు చెదిరిపోయింది, ఒకటి మాత్రం విడిపోయి కిందికి, ఇంకా కిందికి, పక్కింటి పెరట్లోకి దూకుతోంది, దాని వెనకే బైరి. నేనూ కిందికి తిప్పాను. నొక్కాను.

దొరికింది. వేళ్లకు తెలిసిపోయింది.

అప్పుడు కింద కేక. పక్కింటి అఖ్తర్ బీ తలంటు పోసుకుని, ఎండలో జుట్టు ఆరబోసుకుని ఉంది. తల మీద కొంగు లేదు. పైకే చూస్తోంది.

నేను కేక వెయ్యలేదన్న సంగతి అప్పుడు తట్టింది.

ఆమె భర్త హుమాయున్ లారీలకు రంగులు వేస్తాడు. చేతికి ఎర్ర రంగుతోనే వచ్చాడు.

"ఏందప్పా, మద్రాసులో ఇదేనా నేర్పిచ్చేది?"

"బైరిని తీసినానన్నా."

"బైరి మా పెరట్లో తల ఆరబెట్టుకుంటాండాదా? ఆ ఫిలిం ఇట్ల ఇయ్యి."

నేను కెమెరాను కడుపుకు అదుముకున్నాను. వెనక మూత తీసి ఫిలిం లాగితే వెలుతురు తగిలి అంతా పోతుంది. ఇవ్వాలి, నాకు తెలుసు. చెయ్యి మాత్రం కదల్లేదు.

సత్తార్ మామ మధ్యలోకి వచ్చాడు. "హుమాయున్, ఇందాకట్నుంచి నేను గూడా ఈ పిల్లోనితో పాటు నీ తిట్లు తింటాండా. ఒక మాట విను. సకీనా కడుగుతాది ఫిలిము. ఆడమనిషి. మొగోని కన్ను పడదు. ఆ తర్వాత అఖ్తర్ ఏం జెప్తే అది."

సకీనా బజార్లో ఫోటో స్టూడియో నడిపే షంషుద్దీన్ భార్య. ఆయన తీస్తాడు, ఫిల్ములు కడిగేదీ బొమ్మల ముఖాలు దిద్దేదీ లోపలి చీకటి గదిలో ఆమె. హుమాయున్ చాలాసేపు నా వేళ్లనే చూసి, సరేనన్నాడు.

స్టూడియోలో బల్ల మీద మగవాళ్లమంతా వరసగా కూచున్నాం. అఖ్తర్ బీ బురఖా వేసుకుని వచ్చి తెర దాటి లోపలికి పోయింది. షంషుద్దీన్ గొణిగాడు: "నా రూములోకి నన్నే రావద్దంటాండాది."

నేను లేచాను, కూచున్నాను, మళ్లీ లేచాను. లోపల నీళ్ల చప్పుడు.

చివరికి తెర వెనక నుంచి సకీనా గొంతు. "పడిండాది."

"ఏది పడిందక్కా?"

"రెండూ. బైరి రెక్కలు ఇప్పింది. దాని కిందనే ఈమె. రెక్కకూ జుట్టుకూ నడుమ కత్తెర ఆడదు."

అంటే బైరి ఒక్కదాన్నీ వేరు చెయ్యడానికి లేదు. లోపల ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. చిన్నగా నవ్వు కూడా వినపడింది. ఆ తర్వాత సకీనా చెప్పింది. "ఒక కాపీ ఏస్తాండా, అది అఖ్తర్ ట్రంకుపెట్టెలో ఉంటాది. ఫిలిం మాత్రం పొయ్యిలో ఏస్తాము."

"నాకు సూపియ్యండి" అన్నాడు హుమాయున్.

"నీకు గూడా లేదు పో" అంది అఖ్తర్ బీ.

సత్తార్ మామ నెత్తి కొట్టుకున్నాడు. "నా జియావుల్లా సంగతి ఏంగాను?"

నేను తెరకు దగ్గరగా పోయి నిలబడ్డాను. అడక్కుండా ఉండలేకపోయాను. "అక్కా, ఒక్కటి చెప్పండి. గోళ్లు దిగినాయా?"

జవాబు అఖ్తర్ బీ చెప్పింది.

"దిగలేదప్పా. కాళ్లు ముందుకు సాపింది. ఇంగ బెత్తెడు ఉండాది. పావురం కంట్లో తెల్లగా వెలుగు గూడా పడిండాది."

నేను కోరుకున్నది సరిగ్గా అదే. తెరకు అవతల ఉంది. కాస్సేపటికి కాలిన వాసన వచ్చింది.

మర్నాడు నాకు మిగిలిన ఆఖరి రోజు. కొత్త ఫిలిం వేసుకుని మెట్ల కింద నిలబడి, వీధి చివరిదాకా వినపడేట్టు అరిచాను. "మిద్దెక్కుతాండామమ్మా."

ఎవరూ పలకలేదు. పైన పావురాలు కూస్తున్నాయి, సత్తార్ మామ గూటి తలుపు తీసిన చప్పుడు వినపడింది, రెక్కలు లేచాయి. కాళ్లు ఆగడం లేదు. మొదటి మెట్టు మీద ఒక పాదం పెట్టి, తీసేశాను. మళ్లీ అరిచాను.

గోడ అవతలి నుంచి అఖ్తర్ బీ గొంతు.

"ఎక్కప్పా, తొందరేం లేదు. అది ఇంగా పొగగొట్టం మీదనే ఉండాది. నేను సూస్తానే ఉండా."