పన్నెండడుగుల దూరం

ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు, మేడ్చల్‌లోని తన స్టూడియో వెనకగదిలో, తడి ఆరని ఫిల్ము పట్టీని కిటికీ వెలుతురుకు ఎత్తి భూతద్దంలోంచి చూసిన సిద్దిరాములుకు గుండెలో రాయి పడింది.

పట్టీలో ఒక ఫ్రేములో నాలుగు కుర్చీలున్నాయి. మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు అడుగుల దూరంలో ఏటవాలుగా వేసి, లెన్సు మీది దూరపు అంకెల ఉంగరాన్ని పన్నెండు దగ్గర పెట్టి తీసిన ఫోటో అది. పన్నెండడుగుల కుర్చీ స్పష్టంగా రావాలి. అది కాస్తా అలుక్కుపోయింది. తొమ్మిదడుగుల దగ్గరున్న కుర్చీకి మాత్రం అల్లిన వైరు పోగు పోగుతో సహా కనబడుతోంది.

అంటే లెన్సు మీది అంకెలు తప్పుతున్నాయి. ఆ లెన్సు గౌరయ్యది. దాన్ని తీసుకుని గౌరయ్య ఈ ఉదయమే శామీర్‌పేటలో ఒక పెద్దింటికి ఫోటో తీయడానికి పోతానన్నాడు. దాన్ని పాడు చేసింది మాత్రం ముమ్మాటికీ సిద్దిరాములే.

రెండువేల మూడు నాటి మాట ఇది. డిజిటల్ కెమెరాలు అల్వాల్ దాకా వచ్చేశాయి. అయినా శామీర్‌పేట చెరువు కట్ట మీద నెలకో ఆదివారం నలుగురు పాతకాలపు ఫోటోగ్రాఫర్లు కలుస్తూనే ఉండేవారు. మేడ్చల్ సిద్దిరాములు, శామీర్‌పేట గౌరయ్య, సూరారం ఇస్తారి, అల్వాల్ చలపతిరావు. నలుగురి వయసూ కలిపితే రెండు వందల నలభై దాటుతుంది, నలుగురి లెన్సులూ కలిపితే పదకొండు. అన్నీ చేత్తో ఉంగరం తిప్పి ఫోకస్ చేసుకోవాల్సినవే. ఉప్మా పొట్లాలు విప్పకముందే లెన్సులు విప్పేవారు. ఒకరి లెన్సు ఇంకొకరు చేతిలోకి తీసుకుని, బరువు చూసి, ఉంగరం తిప్పి, ఆ తిరుగుడులోని మెత్తదనానికి తలలూపేవారు. ఫలానాది మొహాలకు మంచిదనీ, ఫలానాది ఎండకు జడుస్తుందనీ కోడళ్ల గురించి మాట్లాడుకున్నట్టు గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఇంట్లో ఆడవాళ్లకు ఈ ముచ్చటేమిటో ఎన్నేళ్లకూ అర్థం కాలేదు, వాళ్ల తప్పూ లేదు.

వాళ్లలో ఒక మార్పిడి పద్ధతి ఉంది. నెలకొకరు తన లెన్సును ఇంకొకరికి ఇచ్చి, వాళ్లది తాను తీసుకుపోవాలి. ఒకే ఒక్క షరతు, ఎదుటివాడి లెన్సును ఎవరూ విప్పరాదు. పోయిన నెల గౌరయ్య జర్మనీ లెన్సు సిద్దిరాములు వంతుకొచ్చింది. డెబ్బై నాలుగులో గౌరయ్య పెళ్లాం గొలుసు అమ్మి కొన్న లెన్సు. నెల తిరిగేసరికి దాని అద్దాల మధ్య సాలెపట్టులా బూజు కనబడింది. తన చెమ్మ బీరువాలో పెట్టినందుకే పట్టిందని సిద్దిరాములు ప్రాణం ఉసూరుమంది. కోఠీలో రిపేరు చేసేవాడి దగ్గరికి పోతే నలుగురికీ తెలుస్తుంది. ఇంకేముంది, తనకు రాని విద్య లేదనుకునే మనిషి కదా, తలుపులు మూసుకుని తానే విప్పాడు.

అద్దాలు తుడవడం బాగానే కుదిరింది. లోపల ఒకదాంట్లో ఒకటి తిరిగే ఇత్తడి గొట్టాలుంటాయి. వాటి మరకు ఆరు మొదళ్లు, అంటే ఆరు చోట్ల ఎక్కడైనా ఎక్కుతుంది. ఏ మొదట్లో ఊడిందో ఆ మొదట్లోనే ఎక్కించాలి. సిద్దిరాములు పక్కదాంట్లో ఎక్కించాడు, ఉంగరం మీది అంకెలకూ అసలు దూరానికీ పొత్తు పోయింది. కెమెరాకు తగిలించి కన్ను పెట్టి చూస్తే బొమ్మ నిక్షేపంలా కనబడింది, ఎందుకంటే కంటితో చూసి ఉంగరం తిప్పేవాడికి అంకెలతో పని లేదు. పరీక్షకని ఆ కుర్చీల ఫోటో తీశాడు గానీ, ఫిల్ము రోలులో ముప్పై ఆరు ఫోటోలూ అయిపోకుండా కడగడం అతని వంశంలో లేదు. మిగిలిన ఫ్రేములు పాస్‌పోర్టు ఫోటోలకు వాడుతూ కూచున్నాడు. ఈలోగా శుక్రవారం గౌరయ్య వచ్చి లెన్సు తీసుకుపోయాడు.

మామూలు మనిషికైతే ఈ తప్పుతో ఏ చిక్కూ వచ్చేది కాదు. కానీ గౌరయ్య కంటితో చూసి తీయడం మానేసి రెండేళ్లయింది. శుక్లాలొచ్చి కెమెరాలో బొమ్మ అతనికి మసకమసకగానే కనబడుతోంది. మనుషుల దగ్గర్నుంచి కెమెరా దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, కళ్లజోడు పెట్టుకుని ఆ అంకె దగ్గరికి ఉంగరం తిప్పి, ఊరికే కన్ను పెట్టినట్టు నటించి మీట నొక్కుతాడు. చెరువు కట్ట మీద సిద్దిరాములు దీన్ని ఎప్పుడో పసిగట్టాడు. పెద్దమనిషి నొచ్చుకుంటాడని నోరు మెదపలేదు.

పరుగున వెళ్లి ఫోను తిప్పాడు. గౌరయ్య భార్య దుర్గాబాయి ఎత్తింది.

"ఆయన పొద్దుగాలనే పోయిండు, పద్మమ్మ పటేలమ్మ ఇంటికి. ఏమన్న పనుండెనా మరిదీ?"

లెన్సు సంగతి చెబుదామని నోటి దాకా వచ్చింది. "ఏం లేదు వదినా, ఊకెనే," అని పెట్టేశాడు.

సెవెన్ సీటర్ ఆటోలో పద్నాలుగు మంది ఎక్కితే గానీ డ్రైవరు కదలనన్నాడు. కదిలాక చెయ్యెత్తిన ప్రతివాడికీ ఆపాడు. ఒకచోట గడ్డిమోపు ఎక్కించారు, ఇంకోచోట ఎవరో ఆడమనిషి చిల్లర కోసం కొంగుముడి విప్పుతూ సగం కాలం గడిపింది. సిద్దిరాములు కూచోలేక, నిలబడలేక, డ్రైవరు పక్కన ఒంటి తొడ మీద వేలాడుతూ కాలుగాలిన పిల్లిలా కొట్టుకున్నాడు.

"జర జల్దీ పోనియ్యి తమ్మీ!"

"ఏంది పెద్దాయనా, లగ్గం ఉన్నదా? తాళి నీ జేబుల ఉన్నదా?" అన్నాడు డ్రైవరు. అందరూ నవ్వారు. సిద్దిరాములుకు వాళ్లందర్నీ దింపేసి తానే ఆటో తోలుకుపోవాలనిపించింది.

భయమంతా ఆ ఇంటివాళ్లతోనే. పద్మమ్మకు తొంభై నిండాయి. ఆమె మనవడు రాఘవేందర్ రెడ్డి, పొలాలు ప్లాట్లు చేసి అమ్మి రెండు సెల్‌ఫోన్లు మోస్తున్నవాడు, అవ్వ ఫోటోకు అల్వాల్ నుంచి నవీన్ అనే డిజిటల్ కుర్రాణ్ణి పిలుస్తానన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. ఆమె మొగుడు బతికుండగా దిగిన ఒకే ఒక్క ఫోటో గౌరయ్య తీసిందే. ఆమెకు నెల కిందటే కంటి ఆపరేషన్ అయింది, ఫ్లాష్ వేయొద్దంది. చీకటి హాల్లో లెన్సు కన్ను పూర్తిగా తెరిచి తీయాలి, దూరం జానెడు తప్పినా మొహం చెదిరిపోతుంది. "గిదొక్కటి సూస్త. మంచిగ రాకుంటె వచ్చే నెల మా చెల్లె లగ్గానికి నవీన్‌నే పెట్టుకుంట," అని రాఘవేందర్ ముందే చెప్పాడు. ఆ లగ్గం పోతే శామీర్‌పేటలో గౌరయ్యను మళ్లీ పిలిచేవాళ్లు లేరు.

సిద్దిరాములు చెమటలు కక్కుతూ హాల్లో అడుగు పెట్టేసరికి గోడకు ఆనించిన కుర్చీలో పద్మమ్మ పట్టుచీరలో కూచుని ఉంది. అటూ ఇటూ రాఘవేందర్, అతని భార్య పూజ నిలబడ్డారు. గౌరయ్య అప్పుడే పన్నెండడుగులు లెక్కపెట్టుకుని కెమెరా స్టాండు నిలబెట్టాడు.

"నువ్వెందుకొచ్చినవ్‌రా సిద్దూ?"

"గిట్లనే, సూసి పోదామని, అన్నా."

ఏం చెప్పాలి? లెన్సు విప్పానని చెప్పాలా? అంకెలు నమ్మకు, కంటితో చూసి తియ్యి అనాలా? కంటితో చూడలేడన్న సంగతి ఈ ప్లాట్ల దొర ముందర బయటపెట్టాలా? పోనీ తానే వెళ్లి కెమెరాలో కన్ను పెడదామంటే, ఒకడి పని మీద ఇంకొకడు కన్ను పెట్టడం ఆ నలుగురిలో లేనే లేదు. అప్పుడే గౌరయ్య రోలు ఎక్కించడానికి కెమెరా మీదికి వంగాడు.

సిద్దిరాములుకు ఉపాయం తట్టింది. అంకె పన్నెండు అంటే లెన్సు తొమ్మిది చూస్తుంది. మనుషులే తొమ్మిదికి వస్తే పోయె!

"గోడ నీడ పడుతాంది పటేలా. కుర్చి జర ముందలికి జరుపుదాం," అని రాఘవేందర్‌తో గుసగుసగా అన్నాడు. కింద షాబాద్ బండలు, ఒక్కోటి అడుగున్నర. అవ్వ కూచున్న కుర్చీని ఇద్దరూ కలిసి ఎత్తి సరిగ్గా రెండు బండలు ముందుకు పెట్టారు, పూజా వెంట జరిగింది. ఊయల ఊగినట్టుందని అవ్వ నవ్వింది.

గౌరయ్య తలెత్తి, కెమెరాలో కన్ను పెట్టి, ఒక్క క్షణం ఆగాడు.

"జర దగ్గరికొచ్చినట్టున్నరు?"

"లేదన్నా. ఎక్కడోళ్లక్కడనే ఉన్నరు," అన్నాడు సిద్దిరాములు.

గౌరయ్య వేలితో ఉంగరాన్ని తడిమి చూసుకున్నాడు. ఆరు ఫోటోలు తీశాడు. ఆటోలో తిరిగి వస్తూ సిద్దిరాములు తన తెలివికి తానే మురిసిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం గౌరయ్య రోలు పట్టుకుని మేడ్చల్ వచ్చాడు. ఏడాదిగా తన రోళ్లన్నీ సిద్దిరాములు చేతే కడిగిస్తున్నాడు, నడుంనొప్పి అని పేరు. సిద్దిరాములు చీకటి గదిలోంచి పట్టీ తెచ్చి కిటికీకి ఎత్తాడు. భూతద్దం పెట్టాడు. దాన్ని తుడిచి మళ్లీ పెట్టాడు.

గోడ మీది క్యాలెండరులో తేదీలు చదవొచ్చు. గోడకు కొట్టిన మేకు తల కూడా తెలుస్తోంది. దాని ముందు పద్మమ్మ మొహం నీళ్లలో కనబడినట్టు చెదిరిపోయి ఉంది. ఆరింటికి ఆరూ అంతే.

"ఎట్లొచ్చినయ్‌రా?" అన్నాడు గౌరయ్య బల్ల మీద కూచుని. పట్టీ వైపు చూడనైనా చూడలేదు.

బాగున్నాయని చెబితే ఇంకో రోజు గడుస్తుంది. సిద్దిరాములు భూతద్దం కింద పెట్టేశాడు.

"పాడైనయ్ అన్నా. నేనే పాడు జేసిన. నీ లెన్సుకు బూజు పట్టె. భయపడి ఇప్పిన. మర తప్పెక్కిచ్చిన. అంకె పన్నెండు కాడ పెడితె తొమ్మిది కాడ సాఫ్ వస్తాంది. అందుకనే కుర్చి మూడడుగులు ముందలికి జరిపిన. మరి ఎందుకు రాలేదో సమజైతలేదు."

గౌరయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వు ఇప్పిన సంగతి నాకు శుక్రారమే ఎరుక," అన్నాడు. "ఉంగరం పట్టుకోంగనే తెల్వదా? ముప్పై ఏండ్ల చెయ్యి. దుర్గను కెమెరల కన్ను పెట్టుమని, నేను పన్నెండడుగుల దూరంల నిలబడ్డ. నా మొకం సాఫ్ కనిపించిన కాడ ఉంగరం మీద బొట్టుబిళ్ల అంటిచ్చింది. నిన్న గా బిళ్ల కాడ పెట్టే తీసిన. పన్నెండడుగులకు."

సిద్దిరాములు పట్టీని మళ్లీ వెలుతురుకు ఎత్తాడు. గౌరయ్య ఉంగరాన్ని సరిచేసుకున్నాడు, తను దూరాన్ని మళ్లీ సరిచేశాడు. ఇద్దరూ నోరు మూసుకుని ఉండడంతో అవ్వ మొహం పోయింది.

"నన్నడిగితె ఏమైతుండె అన్నా?"

"అడిగితె నీకు సిగ్గయితదని ఊకున్న. నువ్వెందుకు సెప్పలే?"

"సెప్తె నీకు..." అని సిద్దిరాములు ఆగిపోయాడు.

"నా కండ్ల సంగతి నీకు ఎప్పటి సంది ఎరుక?"

"రెండేండ్లాయె."

సిద్దిరాములు తిట్లకు సిద్ధపడ్డాడు. లెన్సు గురించి గౌరయ్య ఒక్క మాటా అనలేదు. కూచున్న బల్లను మాత్రం అరచేత్తో చరిచాడు.

"రెండేండ్లు! మా అన్నకు ఆపరేషన్ల కన్ను పోయింది, నీకెరుకే. మూడుసార్లు ఆస్పత్రి గేటు దాక పోయి మర్లొచ్చిన గదరా. పక్కన ఒక్కడుంటె లోపల్కి పోయేటోణ్ణి. నీకు ఎరుకుండి, సూసుకుంట కూసున్నవా?"

మర్యాద అనుకుని తను దాచిపెట్టింది ఇదా అని సిద్దిరాములుకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, అక్కడే ఏడ్చాడు. గౌరయ్య ఓదార్చలేదు.

కాసేపటికి సిద్దిరాములు ముక్కు తుడుచుకుని రాఘవేందర్ నంబరు తిప్పాడు. "పటేలా, ఫోటోలు పాడైనయ్, తప్పు నాది," అని మొదలుపెట్టాడో లేదో, గౌరయ్య లేచి వచ్చి రిసీవరు గుంజుకున్నాడు.

"పటేలా, నేను గౌరయ్యను. నాకు కండ్లు కనిపిస్తలేవు. ఆపరేషన్ జేయించుకోవాలె. మీ చెల్లె లగ్గానికి వేరే ఆయనను సూసుకో. అవ్వ ఫోటో మాత్రం నాకు కండ్లొచ్చినంక నేనే తీస్త, అప్పటిదాక ఆగుమను."

అవతల రాఘవేందర్ ఏమన్నాడో సిద్దిరాములు అడగలేదు. గౌరయ్య సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

"రేపు పొద్దుగాల ఏడింటికి వస్త అన్నా. తయారుగుండు."

"గేటు కాడ ఆగుతవా, లోపల్కి వస్తవా?"

"లోపల్కే వస్త."

గౌరయ్య తలూపి గుమ్మం దాకా నడిచాడు. ముప్పై ఏళ్లుగా ఎక్కి దిగుతున్న గుమ్మం. ఎప్పుడూ గబగబా దిగేసేవాడు, కనబడుతున్నట్టే. ఇవాళ అక్కడ ఆగి, చెయ్యి గాల్లోకి చాచాడు.

"మెట్లు ఎక్కడున్నయో సెప్పురా," అన్నాడు.