మూడడుగుల కింద

మట్టి పరీక్షకొచ్చిన ఆఫీసరు జానెడు లోతు గుంట తీయించి, చెంచాడు మట్టి సీసాలో పోసి మూత బిగించాడు. మా కళ్లముందే. ఆ ఎర్రమట్టి మొన్న లారీల్లో వచ్చింది. పరిచింది మేమే.

చెప్పుకోవడానికి సిగ్గే, అయినా చెబుతాను. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించిన ఫ్యాక్టరీ ఇది. మూతపడింది. గోడవతల మా కాలనీ. మా అక్క కూతురికి ఏడేళ్లొచ్చినా మెట్టెక్కాలంటే గోడ పట్టుకోవాలి. దాని రక్తంలో సీసముందని డాక్టరు రాసిచ్చాడు. మట్టిలో కూడా ఉందని రిపోర్టు వస్తేనే పిల్లలకు వైద్యం, మాకు వేరే చోటు. లేకుంటే ఫైలు మూసేస్తారు. ఇంత తెలిసీ, కంపెనీ కాంట్రాక్టరు "నేల చదును చేయాలి, రండి" అనగానే పారలు పట్టుకుని పోయాం. ఎందుకని ఒక్కడూ అడగలేదు. నేనూ అడగలేదు.

"ఇంకాస్త లోతుకి తవ్వించండి సార్," అన్నాడు మా కూలీల మేస్త్రీ.

"మ్యాపులో గుర్తున్న చోట, పైమట్టి. మాకిచ్చిన ఆర్డరు అంతే."

"గుర్తులు ఎవరు పెట్టారు?" అక్క అడిగింది.

"కంపెనీవాళ్లు."

"బాగుంది. దొంగ చూపించిన గదిలోనే వెతుకుతున్నారన్నమాట."

కాంట్రాక్టరు నవ్వాడు. "ఏమ్మా, ఈ మట్టి పరిచింది నీ తమ్ముడే కదా. అప్పుడు లేని విషం ఇప్పుడెక్కడిది?"

యాభైమందిమి. అందరం కాళ్లకింది మట్టి వైపే చూశాం. వెనక నుంచి ఒక ముసలాయన "పోదాం పదండి, పెద్దోళ్లతో మనకెందుకు" అని గొణిగాడు.

అక్క నా వైపు తిరిగింది. "నేల చూపులు చూస్తే ఏమొస్తుందిరా? పరిచినోడివి. ఎంత మందం పరిచావో చెప్పు."

"మూడడుగులు."

"మరి నోటితో చెప్తే నమ్ముతారా వీళ్లు?"

పార తెచ్చాను. మేస్త్రీ గడ్డపార తెచ్చాడు. మూడడుగులు దిగేసరికి మట్టి నల్లబడింది, పగిలిన బ్యాటరీ డొల్లలు తగిలాయి, ఘాటు గొంతుకు పట్టింది. ఆఫీసరు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంత లోతు ఆర్డరులో లేదు. నేను తీసుకోలేను."

"ముక్కుకి తెలిసింది, కాగితానికి తెలియలేదా సార్?" అన్నాడు ఇందాకటి ముసలాయన.

"పూడ్చండిరా," కాంట్రాక్టరు అరిచాడు. ఒక్క చేయీ కదల్లేదు. తనే పార అందుకున్నాడు. ఎలా పట్టుకోవాలో తెలియక తన బూటు మీదే పోసుకున్నాడు. ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వుకే అతను పోలీసులకి ఫోన్ చేశాడు.

అక్రమంగా తవ్వామని నన్నూ మేస్త్రీనీ వ్యాను ఎక్కించారు. కిటికీలోంచి చూశాను. అక్క కొంగు నడుముకు దోపి ఆఫీసరు జీపు ముందు దారికడ్డంగా గునపం దింపింది. ముసలాయన జీపు వెనక మొదలుపెట్టాడు. మిగతావాళ్లు ఇళ్ల నుంచి పారలతో వస్తున్నారు.

సీసాలో నల్లమట్టి పడకుండా ఆ జీపు ఎటు పోతుందో చూద్దాం.