నేను వచ్చేదాకా ఆగమన్నాను

అయినా ఆగమంటే ఆగే మనిషైతే ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆగేవాడు కాదా, నేను వచ్చేదాకా ఆ కారు స్ప్రింగు ముట్టుకోవద్దండీ అని పొద్దున గేటు దగ్గర రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ తలూపాడు, ఆ తలూపుడు నాకు కొత్తా, డ్రైవింగు నేర్చుకునేవాళ్లు బ్రేకు బదులు యాక్సిలరేటరు తొక్కినప్పుడు కూడా మా ఆయన అలాగే ఊపుతాడు, పర్వాలేదమ్మా పర్వాలేదు అని, తన కాలికింద రెండో బ్రేకు ఉందని ధీమా, ఇప్పుడు చూడండి, వీధి మలుపు తిరిగానో లేదో మా షెడ్డులోంచి టక్ టక్ టక్, పానా తిరుగుతున్న చప్పుడు, బోల్టుల ఫ్యాక్టరీలో పదిహేనేళ్లుగా మరలు సరిచూసే బల్ల దగ్గర కూర్చున్నదాన్ని, గంట ఆగితే ఇల్లు చేరే నన్ను పక్కనబెట్టి మొదలుపెట్టేశాడు, ఎందుకంటే రేపు పొద్దున డ్రైవింగు స్కూలు కారు రోడ్డెక్కాలి, నలుగురికి లైసెన్సు పరీక్ష ఉంది, ఉండనీ, పరీక్ష వాయిదా పడుతుంది, మొహం పగిలితే ఎవరు వాయిదా వేస్తారు.

స్ప్రింగుని అణిచే ఆ సామాను ఇంటికొచ్చిన రోజే చెప్పాను, చవకదాన్ని చవకదని గుర్తుపెట్టుకుని వాడాలని, రెండు పొడుగాటి మరల కడ్డీలు, ఒక్కోదానికి కిందొక కొక్కెం పైనొక కొక్కెం, స్ప్రింగుకి ఇటొకటి అటొకటి తగిలించి తిప్పితే కొక్కేలు దగ్గరికొస్తాయి, స్ప్రింగు అణుగుతుంది, అంతే దాని గొప్ప, ఫ్యాక్టరీ నుంచి కొలిచే పనిముట్టు పట్టుకొచ్చి మరలు నేనే చూశాను, మరీ పారేసేలా లేవు, నా బల్లమీదైతే పాసయ్యేవీ కావు, పై కొక్కేలకి చెరొక రంధ్రం కూడా ఉంది, పోత సరిగ్గా పోసి చావలేదు అనుకున్నాను, అందుకే పాత క్యాలెండరు వెనక పెద్దక్షరాలతో రాసి షెడ్డు గోడకి అంటించాను, మరలకి నూనె రాయందే తిప్పొద్దు, గాలితో తిప్పే మిషను పెట్టొద్దు, చేత్తోనే, కడ్డీలు సరిగ్గా ఎదురెదురుగా ఉండాలి, ఇటు రెండు తిప్పులు తిప్పితే అటూ రెండే, స్ప్రింగు చుట్టూ గొలుసు, కళ్లకి అద్దాలు, స్ప్రింగు వదులై చేతికి ఆడేదాకా దాన్ని పట్టి ఉంచే పై నట్టు జోలికి పోవద్దు, అన్నిటికన్నా ముఖ్యం, దాని మీదికి వంగొద్దు, పక్కన నిలబడు, అది చదివి ఏమన్నాడో తెలుసా, మన పెళ్లికి కూడా ఇన్ని షరతులు పెట్టలేదు కదే అని, నవ్వు, అన్నిటికీ నవ్వే, ఆర్నెల్లుగా వంటింటి కిటికీ రెక్కలు గాలికి కొట్టుకుంటున్నాయండీ అంటే దానికీ నవ్వే, చూద్దాంలే అని, చివరికి నేనే, అవును నేనే, షెడ్డులో ఏదో పెట్టె అడుగున పడున్న రెండు ఇనుప పిన్నులు తెచ్చి గడియల్లో దూర్చాను, రెండు నిమిషాల పని, ఆ రోజు ఎంత అరిచానో, పక్కింటావిడ రేడియో ఆపి మరీ విన్నది, అరవనా మరి, ఈ ఇంట్లో అరవకుండా ఏ పనైనా అయిందా, ఇవాళ చెప్తాను, గేటు తీసి, సంచి మెట్టుమీద పడేసి, ఊపిరి బిగబట్టి, ఏవండీ అని కప్పు లేచిపోయేలా పిలవబోయి,

నోరు తెరిచినదాన్ని తెరిచినట్టే ఆగిపోయాను, ఎందుకంటే ముందు గొలుసు కనబడింది, మేకుకి, తగిలించింది తగిలించినట్టే, తర్వాత అద్దాలు, నుదుటిమీద, కళ్లకి తప్ప అన్నిటికీ రక్షణ, తర్వాత బల్లమీది వైసు బిగింపులో నిలబెట్టిన షాక్ అబ్సార్బరు, దాని చుట్టూ సగానికి అణిగిన స్ప్రింగు, దానిమీదికి వంగి మా ఆయన, పై నట్టుకి పానా తగిలిస్తూ, మొహం జానెడు దూరంలో, స్ప్రింగు నిటారుగా లేదు, ఒక పక్కకి ఉబ్బి ఉంది, తలుపువైపు కడ్డీ పై కొక్కెం స్ప్రింగు చుట్టమీద జారి కొసన నిలబడింది, వేలిగోరంత పట్టు, అది ఆయనకి కనబడదు, నాకు కనబడుతోంది, ఇప్పుడు నేను అరిస్తే ఉలిక్కిపడతాడు, పానా కదులుతుంది, గోరంత పట్టు పోతుంది, ఛీ, నా నోరు ఒక్కటంటే ఒక్కసారి పనికొచ్చే సమయానికి అది పనికిరాదు, అరవకు, అరవకు, గొంతు ఎక్కడినుంచి తేను, ఏవండీ అన్నాను, నాకే వినబడనంత మెల్లగా, మళ్లీ, ఏవండీ, ఆ పానా అక్కడే వదిలేయండి, చెయ్యి మాత్రం తీసేయండి.

తలెత్తలేదు, వచ్చావా, అయిపోయింది, ఈ ఒక్క నట్టు, అన్నాడు, ఒక్క నట్టు, లోపల్నుంచి అరుపు కుక్కపిల్లలా గోకుతోంది, నీకు చెవులున్నాయా, రాసింది చదవడం రాదా, గోడమీద ఉన్నది దేవుడి పటం అనుకున్నావా, అన్నీ మింగి, వెనక్కి రండి, నావైపు కాదు, వంటింటి కిటికీ వైపు, మెల్లగా, రండి అన్నాను, అప్పుడు తలెత్తాడు, నా మొహం చూసి తెల్లబోయాడు, ఏమైందే, ఎవరైనా పోయారా, ఇంత మెత్తగా మాట్లాడుతున్నావు, అన్నాడు, ఇంకో రోజైతే ఆ మాటకి వారం రోజులు సాధించేదాన్ని, ఎవరూ పోలేదండీ, పోకుండా ఉండాలనే, రండి, ఒక అడుగు, నా గొంతు విన్న భయంతోనే పానా వదిలాడు, రెండో అడుగు, నేనూ తలుపు పక్కకి జరిగాను, మూడో అడుగు, వంటింట్లోంచి అత్తగారు, అమ్మాయ్ వచ్చావా, కాఫీ పెట్టనా అని, నాలుగో

చప్పుడు అని దాన్ని అనకూడదు, చెవుల్లో ఎవరో తలుపు మూసినట్టయింది, కడ్డీ ఎగిరింది, కప్పు రేకుకి గుద్దుకుని, అక్కడ సొట్ట, తిరిగొచ్చి బల్లకి తగిలి కిందపడి గిరగిరా తిరిగి ఆగింది, ఆయన వంగి నిలబడిన చోట, సరిగ్గా ఆ చోట, పై నట్టు ఇంకా ఊడలేదు కాబట్టి స్ప్రింగు ఉన్నచోటే ఉంది, ఏమీ ఎరగనట్టు, ఆ నట్టు ఒక్కటి తిరిగి ఉంటే, ఆ ఆలోచన అక్కడ తెంపేశాను, ఆయన కిటికీ కింద గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు, చేతులు లెక్కపెట్టుకుంటున్నట్టు చూసుకుంటూ, ఇప్పుడు అరవచ్చు, ఇప్పుడు నాకు అడ్డేమిటి, వచ్చేసింది, జీవితంలో అంత అరుపు ఎప్పుడూ అరవలేదు, గొలుసెందుకండీ మేకుకి, దండలా వేసుకోవడానికా, గంట ఆగితే మీ సొమ్మేం పోతుంది, రేపు ఆ నలుగురూ లైసెన్సు తెచ్చుకుని మీ ఫోటో ముందు పెడతారా, నోరు ఎండిపోయేదాకా, అంతలో కిటికీ కదిలింది, షెడ్డు వైపుకి తెరుచుకునే మా వంటింటి కిటికీ, లోపల్నుంచి అత్తగారు గడియ తీస్తున్నారు, ఏం పడిందమ్మా, ఒరేయ్ నాన్నా, బాగానే ఉన్నావా, అబ్బ, ఈ గడియ ఎంత గట్టిగా పెట్టావమ్మాయ్, రెక్క తెరుచుకుంది, ఆవిడ వేళ్ల మధ్య ఒక ఇనుప పిన్ను, బొటనవేలంత, చివర చిన్న రింగు.

ఆ పిన్నును చూశాను, కింద పడిన కడ్డీని చూశాను, పై కొక్కెంలో రంధ్రం, పోత లోపం అని పదిహేనేళ్ల అనుభవంతో నేను తేల్చేసిన రంధ్రం, గుండ్రంగా, తిన్నగా, పిన్నుకి సరిపోయేంత, కొక్కెం చుట్టమీంచి జారకుండా అడ్డంగా దూర్చాల్సింది అదే, చవక సామానులో ఏదో చెత్త అని నేను పెట్టె అడుగునుంచి తీసి కిటికీకి పెట్టేసింది, షరతుల కాగితంలో నూనె రాశాను, అద్దాలు రాశాను, పిన్ను రాయలేదు, ఎలా రాస్తాను, కిటికీలో ఉంటేనూ, ఏవండీ, అది, ఆ పిన్ను, అన్నాను, తెలుసు, అన్నాడు ఆయన, నేలవైపు చూస్తూ, పెట్టె మూతమీద బొమ్మలో ఉంది, పొద్దున నువ్వెళ్లాక వెతికాను, కిటికీలో కనబడ్డాయి, తెలుసా, తెలిసి మరి తీసుకోలేదేం, అన్నాను, తీసుకుంటే కిటికీ మళ్లీ కొట్టుకుంటుంది కదా, నువ్వొచ్చి చూస్తావు, మళ్లీ ఆ కిటికీ గొడవ, పోనీ అడుగుదామంటే, అని ఆగి, నువ్వు రాకముందే పని అయిపోతే ఏ గొడవా ఉండదనుకున్నాను, అన్నాడు, నవ్వబోయాడు, నవ్వు రాలేదు, అత్తగారు రెండో పిన్ను కూడా తీసి రెండూ నా అరచేతిలో పెట్టి కిటికీలోంచి తప్పుకున్నారు, రెక్క ఒకసారి గోడకి కొట్టుకుంది, మళ్లీ కొట్టుకుంది, పిన్నులు చల్లగా ఉన్నాయి, చెయ్యి చాస్తే అందేవి ఇవి, రెండు నిమిషాల పని, తెలిసి, అంతా తెలిసి, ఆ స్ప్రింగు మీదికి మొహం వంచాడు, నేను వచ్చి అరవడం కన్నా అదే నయమనుకున్నాడు.