కదలని మంచు

గొర్రెలన్నీ కొండ దిగి దొడ్లకు చేరాక, నేల గడ్డకట్టకముందే వెళ్లి మంచునది అంచును కొలిచి రావడం స్వావా ఇంట్లో తండ్రి నాటి ఆనవాయితీ. ఐస్‌లాండ్ దక్షిణాన మంచునదుల నీడలో కాపురముండే రైతు కుటుంబాలు చాలా ఇలాగే కొలుస్తాయి. రాళ్లు పేర్చిన గుర్తు దగ్గర ఒకరు టేపు కొస పట్టుకోవాలి. రెండోవారు మంచు తగిలేదాకా నడవాలి. ఎంత వచ్చిందో రాజధానికి తెలపాలి. జీతం లేదు, బిరుదు లేదు. అయినా ఇంట్లో పెళ్లి జరిగినా చావు జరిగినా ఆ ఏడాది కొలత మానేవారు కాదు.

స్వావాకు ఆ అంచుతో ఇంకో పని కూడా ఉంది. వయసులో ఉండగానే ఆమె భర్త ఆరీ తప్పిపోయిన గొర్రెల కోసం గ్రాయోకుల్ మంచునది మీదికి వెళ్లి, పగులులో పడిపోయాడు. తాళ్లు కట్టుకుని దిగినవాళ్లకు చీకటి తప్ప ఏమీ దొరకలేదు. మంచు తీసుకున్నదాన్ని మంచే ఒకనాడు తిరిగి ఇస్తుందని అక్కడి పెద్దలు అంటారు. అది వట్టి మాట కాదు. మంచునదీ పారేదే, మన కంటికి ఆననంత మెల్లగా. లోపల ఉన్నదాన్ని ఏళ్ల తరబడి మోసుకొచ్చి అంచున వదులుతుంది. అందుకే స్వావా ఏటా కొలతకు ముందు అంచు పొడవునా వంగి వెతికేది, ఒక బూటు కోసమో, ఉన్ని చొక్కా పీలిక కోసమో. మంచు మీద మాత్రం అడుగు పెట్టేది కాదు. ఆరీ పోయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ పెట్టకూడదని కట్టడి చేసింది. టేపు మంచుకు తగిలిందా, అక్కడే ఆగిపోవాలి.

ఈ ఏడు తమ్ముడు హ్యాల్తితో పాటు అతని కూతురు ఇల్ఫా కూడా వచ్చింది. ఎండా వానా హిమమూ అన్నీ లెక్కలోకి ఎక్కించి, కంప్యూటర్‌లో మంచునదిని పారించి చూసి, రేపు ఎంత కరుగుతుందో, దిగువ ఊళ్లకు ఎంత వరద వస్తుందో చెప్పడం రాజధానిలో ఆ పిల్ల ఉద్యోగం. చుట్టుపక్కల మంచునదులన్నీ ఆమె లెక్కకు లొంగాయి. గ్రాయోకుల్ ఒక్కటే మొండికేసింది. లెక్క ప్రకారం అది ఎంతో వెనక్కి పోవాలి. స్వావా కొలత ప్రకారం దాదాపు ఉన్నచోటే ఉంది.

"మీ కంప్యూటర్‌కి జలుబు చేసిందేమోనే," అన్నాడు హ్యాల్తి, రాళ్ల గుర్తు పక్కన కూర్చుని ఎండుచేపకు వెన్న రాసుకుంటూ. "మా అక్క కొలత తప్పడమా! చిన్నప్పుడు రొట్టె కూడా కొలిచే కోసేది. పెద్ద ముక్క ఎప్పుడూ తనకే వచ్చేది, అది వేరే సంగతి."

"నువ్వు మేత ఆపి టేపు పట్టుకోరా," అంది స్వావా.

"అత్తా, ఆకాశం నుంచి తీసిన ఫోటోల్లో ఇక్కడంతా కంకరే కనిపిస్తోంది."

"పైనుంచి చూసేవాడికి కంకరే కనిపిస్తుంది. దిగొచ్చి ఒక్క తాపు తన్నమను." స్వావా మడమతో కంకర పక్కకు నెట్టింది. కింద నల్లగా, నున్నగా మంచు మెరిసింది. "ఇదేంటి మరి? బండరాయా?"

"మంచే. నేను కాదన్నానా?"

"మరింకేం?"

ఇల్ఫా ఎదురుగా ఉన్న, కంకర కప్పిన మంచు గుట్ట మీద నిలబెట్టి ఉన్న ఇనప కడ్డీని చూపించింది. వసంతంలో తనే వచ్చి పాతింది. దానికి తగిలించిన పరికరం అది ఎక్కడున్నదీ రోజూ తెలుపుతూ వచ్చింది. "వేసవంతా ఈ కడ్డీ కిందికి కుంగింది. ముందుకి వేలెడు కూడా జరగలేదు. ఇది పారడం లేదత్తా. గ్రాయోకుల్ నుంచి తెగిపోయిన ముక్క ఇది. కంకర కప్పుకుంది కాబట్టి ఇంకా కరగలేదు. మేం చచ్చిన మంచు అంటాం. అసలు మంచునది వెనకెక్కడో ఉంది."

స్వావా పక్కకు నెట్టిన కంకరను మడమతో మళ్లీ మంచు మీదికి లాగింది.

"కొలిచిన మనిషి ఒప్పుకోకుండా కొలతలు దిద్దం. నువ్వు ఊఁ అంటే దిద్దుతాను. లేకపోతే మన వాగు వరద లెక్క ఇలా తప్పుగానే ఉంటుంది. దిగువ వంతెన ఆ లెక్కని చూసే కడతారు."

ఊఁ అనడమంటే ఏమిటో హ్యాల్తికి తెలుసు. ఇన్నేళ్లూ అక్క కళ్లు కాయలు కాసేలా చూసింది ఎవరినీ మోసుకురాని మంచునని ఒప్పుకోవడం. అతను చేప ముక్కను జేబులో పెట్టేసుకున్నాడు.

స్వావా టేపు కింద పెట్టి, తన కట్టడి తనే దాటి, మంచు గుట్ట ఎక్కసాగింది. తమ్ముడు చెయ్యి అందిస్తే విదిలించుకుంది, మళ్లీ తనే పట్టుకుంది. పైకి చేరి అవతలికి చూసింది. బూడిదరంగు సరస్సు. అందులో తేలుతున్న మంచు దిబ్బలు. ఎక్కడో అవతలి గట్టున నీలి గోడలా గ్రాయోకుల్. చూస్తుండగానే దాని అంచు విరిగి నీళ్లలో పడింది. చప్పుడు ఆలస్యంగా వచ్చింది.

"మీ మామయ్య పడిన చోటి మంచు ఇప్పుడు ఎక్కడుంటుంది? నీ లెక్కలో వేసి చూశావు కదూ?"

"అక్కా, వదిలెయ్," అన్నాడు హ్యాల్తి.

"దాన్ని చెప్పనీరా."

ఇల్ఫా తండ్రి వైపు ఒకసారి చూసింది. "చూశానత్తా. అడక్కుండా చూసినందుకు తిట్టుకో. ఆ మంచు నాలుగైదేళ్ల కిందటే అంచుకి వచ్చేసింది. అంటే ఈ సరస్సులోకే. లెక్క కాస్త అటూ ఇటూ అవ్వచ్చు. అయినా అది మంచు సంగతే చెబుతుంది, మనిషి సంగతి దానికి తెలీదు."

గాలి వీస్తోంది. స్వావా కంకర మీద చతికిలబడి నీళ్లకేసి చూసింది.

"నేను వీధి గుమ్మంలో కూర్చున్నాను. ఆయన పెరటి గుమ్మంలోంచి వచ్చి వెళ్లిపోయాడు," అంది.

హ్యాల్తి వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు.

"దిద్దు," అంది స్వావా లేస్తూ. "ఈ ముక్క తెగిన ఏడాది నుంచి నేను పంపినవన్నీ చచ్చిన మంచు కొలతలని రాయి. నా పేరు మాత్రం తీసెయ్యకు. కొలిచింది నేనే."

"తియ్యనత్తా."

"ఈ సరస్సు కూడా ఎండిపోతుందా?"

"ఎండిపోదు. మంచు వెనక్కి పోయే కొద్దీ ఇంకా పెరుగుతుంది."

"ఎంత లోతుంటుంది?"

"తెలీదు. ఎవరూ కొలవలేదు."

స్వావా చేతికంటిన కంకర దులుపుకుంది.

"అయితే వేసవికి ఒక పడవ తెప్పించు."

"నీకు నీళ్లంటే భయం కదే అక్కా," అన్నాడు హ్యాల్తి.

"భయమేరా," అంది స్వావా.